తప్పు చేసిన భాగస్వామి విషయంలో ముందు చేయవలసింది ఏమిటి?

ప్రశ్న అడిగినవారు (బాలానగర్):
నేనూ నా తోడల్లుడూ భాగస్వాములుగా యంత్రభాగాలు చేసే లేత్ వర్క్‌షాపు నడుపుతున్నాము. 14 మంది పనిచేస్తున్నారు. సాయంత్రం అందరూ వెళ్లాక ఆయన తన చేయి పట్టుకున్నాడని, రాత్రిళ్లు ఫోనుకు సందేశాలు పంపుతున్నాడని లెక్కలు చూసే అమ్మాయి నెల క్రితం నాతో చెప్పి, వాటిని చూపించింది. ఇప్పుడు తన బల్లను వీధి వాకిలి కనిపించే చోటికి జరుపుకొంది. మధ్యాహ్నం భోజనం వాచ్‌మన్ భార్య పక్కన కూర్చొని చేస్తోంది. రెండు నెలల జీతమిచ్చి ఆమెను పంపేద్దామని ఆయన అంటున్నాడు. ఆర్డర్లలో సగం ఆయన పరిచయాల మీద వచ్చేవే. నేనేమి చేయాలి?

ఆడిటర్ (అమీర్‌పేట):
తొందరపడకండి. డీడ్‌లో, అంటే మీ భాగస్వామ్య ఒప్పంద పత్రంలో, ఆ అధికారం రాసుకోకపోతే 1932 భాగస్వామ్య చట్టం 33వ సెక్షను ప్రకారం ఒక భాగస్వామిని బయటికి పంపలేరు. గొడవ బ్యాంకు చెవిన పడితే వ్యాపారం నడపడానికి బ్యాంకు అప్పిచ్చే క్యాష్ క్రెడిట్ ఖాతా ఆగిపోవచ్చు, అప్పుడు నష్టపోయేది ఆ 14 కుటుంబాలే. ముందు ఆయన వాటాకు వెల కట్టి, ఆయనంతట ఆయనే తప్పుకొనేలా ఒప్పించండి. తక్కినవి ఆ తరువాత.

న్యాయవాది (నాంపల్లి):
ఆడిటర్ గారు చెప్పిన సెక్షను నిజమే, కానీ వరుస తప్పింది. వాటా లెక్క తేలడానికి ఏడాది పట్టవచ్చు. ఆ అమ్మాయికి ఫిర్యాదు చేయడానికి ఉన్న గడువు మాత్రం ఘటన జరిగిన నాటి నుంచి మూడు నెలలు, తగిన కారణం చూపితే మరో మూడు. అందులో ఒక నెల ఇప్పటికే గడిచింది. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను నిరోధించే 2013 నాటి చట్టం ప్రకారం పదిమంది లేక అంతకు మించి పనిచేసే చోట ఇలాంటి ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండి తీరాలి, లేకపోతే 50,000 రూపాయల దాకా జరిమానా పడుతుంది; ఇది మీ ఇద్దరి తప్పు. అయితే ఫిర్యాదు యజమాని మీదే కనుక అది జిల్లా స్థానిక కమిటీకి వెళ్లాలి, బాలానగర్ వారికి అది మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో ఉంటుంది. కావాలనుకుంటే ఆమె పోలీసులను కూడా ఆశ్రయించవచ్చు. ఇక ఆ రెండు నెలల జీతం సంగతి: ఆమె కోరితే రాజీకి చట్టం వీలిస్తుంది గాని, డబ్బును ఆ రాజీకి ఆధారం చేయకూడదని స్పష్టంగా చెబుతుంది. ఇవ్వజూపితే ఆయన తప్పులో మీరూ భాగస్వాములవుతారు. వ్యాపారానికి చేటు తెచ్చే నడవడిక ఉన్నప్పుడు సంస్థను రద్దు చేయమని 44వ సెక్షను కింద కోర్టును అడగవచ్చు కనుక, 33 అడ్డుపడినంత మాత్రాన మీకు దారి మూసుకుపోలేదు.

ఆడిటర్ (అమీర్‌పేట):
గడువు సంగతి నేను ఆలోచించలేదు. ఫిర్యాదు ముందు వెళ్లాలన్న మాటను ఒప్పుకుంటున్నాను. కానీ బ్యాంకు విషయంలో నా భయం అలాగే ఉంది.

ప్రశ్న అడిగినవారు:
డీడ్ తీసి చూశాను, తొలగింపు షరతు లేదు. ఇంట్లో మా అత్తగారు ఇద్దరు కూతుళ్ల కాపురాల గురించి కంటతడి పెట్టుకుంటున్నారు. ఆమెకు ఏమి చెప్పాలో నాకింకా తెలియలేదు. ఈ ఉదయం మాత్రం ఆ అమ్మాయికి స్థానిక కమిటీ గురించి వివరించి, ఆ సందేశాలను చెరిపేయవద్దని చెప్పాను. సోమవారం వాళ్లమ్మను వెంటబెట్టుకొని కలెక్టరేటుకు వెళ్తానంది. ఆ రోజు జీతం కోయవద్దని మేస్త్రీకి చెప్పాను.