డైనమో ఇంట్లోనే మార్చుకోవడం: గుణుపురం, రాయగడ, సిరోంచ వైపు చేసినవాళ్లు చెప్పండి

గుణుపురం మాస్టారు
అందరికీ నమస్కారం. మాది 2014 మోడల్ పెట్రోల్ కారు, చిన్నది. కొద్దిరోజులుగా డ్యాష్‌బోర్డులో బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలుగుతోంది. మొదట్లో ఆక్సిలరేటర్ తొక్కితే ఆరిపోయేది, ఇప్పుడు ఆరడమే లేదు. రాత్రిపూట హెడ్‌లైట్లు వేస్తే వైపర్లు నీరసంగా తిరుగుతున్నాయి. మా ఊళ్లో చూసినాయన డైనమో పోయింది, మొత్తం మార్చాలి, బండి వదిలి వెళ్లండి అన్నారు. రథయాత్ర రోజులు, ఆయనకి చేతినిండా పని. పార్టు చూస్తే విజయనగరం నుంచో బరంపురం నుంచో రావాలి. స్పానర్లు పట్టడం నాకు అలవాటే. కారు ఆల్టర్నేటర్ (డైనమో అని మనం అనేది దీన్నే, ఇంజిన్ నడుస్తుంటే బ్యాటరీని ఛార్జ్ చేసేది) ఇంటి దగ్గర మార్చినవాళ్లు ఎక్కడ జాగ్రత్త పడాలో చెప్పండి.

నాగావళి ఒడ్డు (రాయగడ)
మాస్టారూ, డబ్బు కట్టకముందు మీటరు పెట్టి చూడండి. మన ఊళ్లలో పార్టు వెనక్కి పంపడం పెద్ద తలనొప్పి. అందుకే పోయింది ఆల్టర్నేటరే అని రుజువయ్యాకే ఆర్డర్ పెట్టాలి.

మామూలు డిజిటల్ మల్టీమీటరు చాలు. డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టండి. రాత్రంతా ఆగి ఉన్న బండికి బ్యాటరీ కొనల మీద 12.6 దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు. ఇంజిన్ స్టార్ట్ చేశాక అదే చోట 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. ఇప్పుడు హెడ్‌లైట్లు, ఏసీ ఫ్యాను, వెనక అద్దం హీటరు అన్నీ వేసి, రేసు కాస్త పెంచి చూడండి. అప్పుడు కూడా 13 దాటి నిలబడితే ఆల్టర్నేటర్ బాగానే ఉంది. 12కి దిగి ఇంకా పడిపోతూ ఉంటే ఛార్జింగ్ లేదు. 15 దాటితే అదీ జబ్బే, వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోయిందని అర్థం. అలాగే తిప్పితే బ్యాటరీ ఉడికిపోతుంది, బల్బులు మాడిపోతాయి.

అన్నిటికంటే ముందు ఆల్టర్నేటర్‌ని తిప్పే బెల్టు చూడండి. వదులైనా, నూనె పట్టినా సరిగ్గా మీరు చెప్పిన లక్షణాలే కనిపిస్తాయి.

ధర్మాబాద్ ఆటో ఎలక్ట్రికల్
నాందేడ్ జిల్లాలో నా పనే ఇది, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా. పైన చెప్పిన కొలతకి ఇంకొకటి కలపండి సార్. ఇంజిన్ నడుస్తుండగా, లైట్లు వేసి, మీటరు ఎర్ర పిన్ను ఆల్టర్నేటర్ వెనక లావు వైరు బిగించిన బోల్టు మీద, నల్ల పిన్ను బ్యాటరీ ప్లస్ మీద పెట్టండి. పిన్ను పెట్టేటప్పుడు చెయ్యి, చొక్కా బెల్టుకి దూరంగా ఉండాలి. 0.2, 0.3 వోల్టులు మించి చూపిస్తే లోపం దారిలో ఉంది. వైరు కొన తుప్పు పట్టి ఉండొచ్చు, మెయిన్ ఫ్యూజు పోయి ఉండొచ్చు. ఇంజిన్ బాడీకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య కూడా ఇలాగే చూడండి. వానాకాలంలో ఎర్త్ పట్టీ పచ్చగా చిలుము పట్టి నా దగ్గరికి వచ్చే బండ్లు చాలా ఉంటాయి. వాటిలో కొన్నిటికి అప్పటికే కొత్త డైనమో వేసి ఉంటుంది. పాపం, డబ్బు దండగ.

పాత మోడళ్లలో ఇంకో సంగతి. డ్యాష్‌బోర్డులో బ్యాటరీ బల్బు ద్వారానే ఆల్టర్నేటర్‌కి మొదటి కరెంటు అందుతుంది. తాళం తిప్పగానే ఆ బల్బు వెలగకపోతే ముందు బల్బు, చిన్న వైరు చూడాలి. మీ బండిలో వెలుగుతోంది కాబట్టి అది కాదు.

మీరు చెప్పిన దాన్నిబట్టి, అంటే రేసు ఇస్తే ఆరడం, తర్వాత అసలు ఆరకపోవడం చూస్తే, కార్బన్ బ్రష్‌లు (ఆల్టర్నేటర్ లోపల తిరిగే రింగులకి ఆనుకుని కరెంటు అందించే ముక్కలు) అరిగినట్టుంది. అదొక్కటే అయితే ఆల్టర్నేటర్ మొత్తం మార్చక్కర్లేదు. చాలావాటిలో బ్రష్‌లు, కటౌట్ (అంటే రెగ్యులేటర్) కలిసి ఒకే ముక్కగా వస్తాయి. వెనక కవరు తీసి స్క్రూలు విప్పితే ఊడొస్తుంది.

పర్లాకిమిడి అక్క
మా కారుకి నేనే మార్చాను, పక్కింటి తమ్ముడు జాక్ పట్టాడు. వరస రాస్తాను, మీ బండికి తగ్గట్టు మార్చుకోండి.

మొదట బ్యాటరీ మైనస్ తీసి గుడ్డ చుట్టి పక్కకి పెట్టండి. తాళం తీసేసినా ఆల్టర్నేటర్ వెనక లావు వైరులో కరెంటు ఉంటుంది, దానికి స్విచ్ లేదు. స్పానర్ ఒక కొన ఆ నట్టు మీద, రెండో కొన ఇంజిన్ మీద తగిలిందంటే నిప్పులే.

బెల్టు తీయకముందు అది ఏ పుల్లీ మీద నుంచి ఎటు తిరిగిందో ఫోన్‌లో ఫోటో తీయండి. వైర్లకీ అంతే. బెల్టు వీపు మీద నంబరు ఉంటుంది, 4పీకే 880 లాగ. 4 అంటే పొడుగునా ఉండే గీతలు, 880 అంటే మిల్లీమీటర్లలో చుట్టుకొలత. పగుళ్లు కనిపిస్తే బెల్టు కూడా ఇప్పుడే మార్చేయండి, మళ్లీ విప్పే పని తప్పుతుంది.

కొన్ని కార్లకి పైనుంచి చెయ్యి దూరదు, ముందు చక్రం, లోపలి ప్లాస్టిక్ కవరు తీయాలి. అలాంటప్పుడు జాక్ ఒక్కదాన్నే నమ్మి కిందకి తల పెట్టకండి. స్టాండు పెట్టండి, లేకపోతే ఆ పని మానేయండి. వానకి తడిసిన ఎర్రమట్టి నేల మీద జాక్ కుంగిపోతుంది, సిమెంటు గచ్చు మీదే చేయండి.

వైర్లు, ప్లగ్గు ఊడదీశాక బోల్టులు తీయడం తేలిక. బోల్టులు వచ్చేసినా ఆల్టర్నేటర్ మాత్రం కదలదు. అక్కడే అందరూ బలం ప్రయోగిస్తారు. దాని చెవిలో, అంటే బోల్టు దూరే చోట, ఒక ఇనుప బుష్ (చిన్న గొట్టం ముక్క) ఉంటుంది, బోల్టు బిగిస్తే అది జరిగి బ్రాకెట్‌ని పట్టేస్తుంది. తుప్పు ఊడే స్ప్రే కొట్టి, కాసేపు ఆగి, అటూ ఇటూ మెల్లగా కదపాలి. కొత్తది ఎక్కించేముందు దాని బుష్‌ని చెక్కముక్క అడ్డం పెట్టి రెండు మిల్లీమీటర్లు వెనక్కి కొట్టుకుంటే జారినట్టు కూర్చుంటుంది. ఇది తెలియక అల్యూమినియం చెవి విరగ్గొట్టుకున్నవాళ్లని చూశాను.

బెల్టు బిగింపు: సొంతంగా సర్దుకునే టెన్షనర్ (బెల్టుని బిగువుగా ఉంచేది) లేని బండికి, రెండు పుల్లీల మధ్య పొడుగు భాగాన్ని బొటనవేలితో గట్టిగా నొక్కితే సుమారు ఒక సెంటీమీటరు దిగాలి. మరీ లాగి కడితే బేరింగు తినేస్తుంది.

జయపురం డీజిల్
అక్కయ్య గారు చెప్పింది పెట్రోల్ బండ్లకి సరిపోతుంది. డీజిల్ వాళ్లు ఒకటి గమనించాలి. పాత బొలెరో, సుమో, ఇండికా తరహా బండ్లలో చాలావాటికి ఆల్టర్నేటర్ వీపునే వాక్యూమ్ పంపు ఉంటుంది. బ్రేకు పెడల్ మెత్తగా ఉండేది ఆ పంపు వల్లే. దానికి ఇంజిన్ ఆయిల్ వచ్చే సన్నపైపు, తిరిగి వెళ్లే హోసు, బ్రేకుకి పోయే గొట్టం ఉంటాయి. ఈ మూడూ తిరిగి సరిగ్గా బిగించాలి, వాషర్లు కొత్తవి వేయాలి. పని అయ్యాక ఇంటిముందే ఇంజిన్ నడిపి బ్రేకు నొక్కండి. పెడల్ రాయిలా ఉంటే బండి గేటు దాటకూడదు. మాకు రోజూ సుంకి ఘాట్ దిగి సాలూరు వెళ్లే పని. ఆ మలుపుల్లో బ్రేకు బలం లేకపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

పాత ఆల్టర్నేటర్ లోపల నూనె కనిపిస్తే పంపు సీలు పోయిందన్నమాట. బ్రష్‌లు మార్చి ఊరుకుంటే అవీ నానిపోతాయి.

సిరోంచ టాక్సీ
దారిలో బ్యాటరీ లైటు వెలిగితే ఏం చేయాలో కూడా తెలిసి ఉండాలి. సిరోంచ నుంచి ఆలాపల్లి వైపు అడవి రోడ్డు, సిగ్నల్ ఉండదు. లైటు వెలగగానే ఏసీ, పాటలు, ఫోన్ ఛార్జర్ ఆపేయండి. ఇంజిన్ మాత్రం ఆపకండి, మళ్లీ స్టార్ట్ కాకపోవచ్చు. డిమ్‌లో రెండు హెడ్‌లైట్లే 110 వాట్లు, అంటే దాదాపు 9 ఆంపియర్లు. చిన్న కార్ల 35 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ ఎంతసేపు మోస్తుందో మీరే లెక్కేసుకోండి. పగలైతే ఊరు చేరొచ్చు, రాత్రయితే దగ్గర్లో మనుషులున్న చోట ఆగడమే మేలు. ఒక్క సూచన, టెంపరేచర్ ముల్లు కూడా పైకి పోతుంటే వెంటనే ఆపండి. కొన్ని బండ్లలో వాటర్ పంపుని తిప్పేది కూడా ఆ బెల్టే, అది తెగిపోయి ఉంటుంది.

ఇంకొకటి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు ఊడదీసి డైనమో పరీక్షించే పాత పద్ధతి ఇప్పటి బండ్ల మీద ఎవరినీ చేయనివ్వకండి. వోల్టేజి ఒక్కసారి ఎగిరి ఈసీఎం (ఇంజిన్‌ని నడిపే కంప్యూటరు) పోతుంది. దాని ఖర్చు ముందు డైనమో ఖర్చు ఏపాటి.

గుణుపురం మాస్టారు
అందరికీ ధన్యవాదాలు. మీటరు పెట్టాను. ఇంజిన్ ఆపి 12.2, నడుస్తుంటే 11.9. లావు వైరు బోల్టు దగ్గరా అదే 11.9, అంటే వైర్లలో లోపం లేదు. వెనక కవరు తీసి బ్రష్‌లు చూస్తే ఒకటి గూటి అంచుకి సమానంగా అరిగిపోయి ఉంది. అది రాసుకునే రాగి రింగు మీద గోరు ఆనిస్తే గాడి తగులుతోంది. పుల్లీ చేత్తో తిప్పితే గరగరమంటోంది. బ్రష్‌లు వేస్తే చాలా, మొత్తం మార్చాలా?

ధర్మాబాద్ ఆటో ఎలక్ట్రికల్
గాడి గోటికి తగులుతోందంటే కొత్త బ్రష్‌లు ఎక్కువ రోజులు రావు. బేరింగు కూడా పోయింది. రింగులు, బేరింగులు, బ్రష్‌లు మూడూ వేయించే మంచి చెయ్యి దగ్గర్లో ఉంటే పాతదే బాగుచేయించండి, చాలా తక్కువలో పోతుంది. లేదంటే మొత్తం మార్చండి. కొనేటప్పుడు పాతదాని స్టిక్కరు మీద ఆంపియర్లు, పుల్లీ గీతల లెక్క, ప్లగ్గు పిన్నులు, చెవుల మధ్య దూరం నాలుగూ ఫోటో తీసి షాపువాడికి పంపండి. ఒకే మోడల్ కారుకి ఏడాదిని బట్టి వేరే రకాలు వస్తాయి.

బిగించాక బ్యాటరీని ఛార్జర్ మీద నింపి పెట్టండి. చచ్చిన బ్యాటరీ నింపే భారం కొత్త డైనమో మీద వేయకూడదు. కరెంటు ఉన్న పూట చూసి రాత్రంతా పెట్టండి. ప్లస్, మైనస్ రెండుసార్లు చూసుకోండి, తారుమారైతే ఆల్టర్నేటర్‌లో కరెంటుని డీసీగా మార్చే డయోడ్లు ఆ క్షణంలోనే పోతాయి.

గుణుపురం మాస్టారు
కొత్తది తెప్పించి బెల్టుతో సహా ఇంట్లోనే వేశాను. బుష్ వెనక్కి కొట్టడం బాగా పనికొచ్చింది, అక్కయ్య గారికి ప్రత్యేకంగా నమస్కారం. ఐడిల్‌లో 14.2, అన్నీ వేస్తే 13.7 చూపిస్తోంది. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు మాత్రం బెల్టు కీచుమంటోంది.

పర్లాకిమిడి అక్క
కొత్త బెల్టు మొదట్లో కాస్త సాగుతుంది తమ్ముడూ. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఇంకోసారి నొక్కి చూసి, సర్దే బోల్టు కొంచెం బిగించండి. కీచు పోవాలని పౌడరు, సబ్బు మాత్రం రాయకండి. అయినా పోకపోతే పుల్లీలు ఒకే వరసలో ఉన్నాయో లేదో పక్కనుంచి చూసి చెప్పండి.