12 అడుగుల జిప్సం గోడకు 14 బోర్డులా?

వైట్‌ఫీల్డ్ వాసి:
బెంగళూరులో మా ఫ్లాటు హాలును విడదీసి అత్తగారికి ఒక గది చేయాలి. స్లాబు మీద బరువని అసోసియేషన్ వారు ఇటుక గోడకు ఒప్పుకోలేదు. అందుకని జిప్సం బోర్డు గోడ. పొడవు 12 అడుగులు, ఎత్తు తొమ్మిదిన్నర. తలుపు 7 అడుగుల ఎత్తు, 3 అడుగుల వెడల్పు. మేస్త్రీ 8x4 బోర్డులు 14 అని రాసిచ్చాడు. మిగతాదంతా "ఇతర సామాను" అని ఒకే అంకె. ఈ 14 ఎలా వచ్చింది?

హోసూరు రోడ్డు:
తెప్పించేయండి. మిగిలినవి కొట్లో వెనక్కి ఇచ్చేయవచ్చు.

కొలతల మాస్టారు:
మూల విరిగిన బోర్డును వెనక్కి తీసుకునే కొట్టు ఉంటే చెప్పండి, నేనూ అక్కడే కొంటాను.

లెక్క చూడండి. 12ను తొమ్మిదిన్నరతో గుణిస్తే 114 చదరపు అడుగులు, రెండు వైపులా 228. తలుపు చోటు రెండు వైపులా 42 తీసేస్తే 186. ఒక్కో బోర్డు 32 చదరపు అడుగులు కాబట్టి ఆరు సరిపోవాలి, కోతల్లో పోయేదానికి ఎనిమిది తెప్పించండి. మరి 14 ఎక్కడిది? 228ని మళ్ళీ రెట్టింపు చేసి 32తో భాగిస్తే 14 పైచిలుకు వస్తుంది. అంటే అతను ఒక్కో వైపు రెండు పొరలు వేయాలనుకుని ఉండాలి, లేదా రెండు వైపుల లెక్కను రెండుసార్లు వేసి ఉండాలి. బేరానికి ముందు అదే అడగండి.

స్టడ్లు, అంటే బోర్డులను బిగించే నిలువు ఇనుప కమ్మీలు, రెండడుగులకొకటి చొప్పున ఏడు, తలుపు పక్కల రెండు, అన్నీ 10 అడుగులవి. వాటి కొనలు కూర్చునే అడ్డ పట్టీ, అంటే ఛానల్, కింద 9, పైన 12, తలుపు మీద 3, మొత్తం 24 అడుగులు. "ఇతర సామాను" అన్న మాటను మాత్రం ఒప్పుకోకండి; స్క్రూలు, పేపర్ టేప్, జాయింటింగ్ కాంపౌండ్ విడివిడిగా రాయించండి. కాంపౌండ్ బదులు గోడ పుట్టీతో అతుకులు నింపేవాళ్ళున్నారు, అవి పగులుతాయి.

మీ ఎత్తుకు 8 అడుగుల బోర్డు చాలదు, అడుగున్నర ముక్క అతకాలి. ఆ అతుకులన్నీ ఒకే గీత మీద రానివ్వకండి: ఒక బోర్డుకు ముక్క పైన, పక్కదానికి కింద; ప్రతి అతుకు వెనకా ఆసరాగా ఛానల్ ముక్క. తలుపు పై మూలల దగ్గర అసలే అతుకు రాకూడదు. తలుపు వేసినప్పుడల్లా అదిరి పగులు అక్కడే మొదలవుతుంది. బోర్డును ఎల్ ఆకారంలో కోసి అతుకును తలుపు పైభాగం నడిమికి జరపమనండి.

వైట్‌ఫీల్డ్ వాసి:
అడిగాను. రెండు పొరలట, శబ్దం రాకుండా! అత్తగారికి టీవీ కూడా ఆ గోడకే.

కొలతల మాస్టారు:
శబ్దానికైతే ముందు స్టడ్ల మధ్య 50 మిల్లీమీటర్ల రాక్‌వూల్ (శబ్దాన్ని పీల్చే రాతి నార పరుపు) పెట్టించండి, తలుపు పోగా 93 చదరపు అడుగులు. రెండో పొర ఒక్క అత్తగారి వైపే చాలు, అప్పుడు 11 బోర్డులు. టీవీ బరువును బోర్డు మోయదు. రెండో వైపు మూసేముందే ఆ ఎత్తులో స్టడ్లకు ప్లైవుడ్ బిగించి, కరెంటు పైపులు కూడా వేయించి, కొలత టేపు పట్టి ఒక ఫోటో తీసుకోండి.