ఆర్ట్ ఎగ్జిబిషన్‌లో చిన్న కచేరీ: మైక్ పెట్టాలా వద్దా?

రంగులపెట్టె:
వచ్చే నెల హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ కొందరం కలిసి చిన్న ఎగ్జిబిషన్ పెడుతున్నాం, కొన్ని చేర్యాల బొమ్మలు (గుడ్డ మీద కథలు గీసే తెలంగాణ పటాలు), వాటిని చూసి మేం వేసినవి కొన్ని. హాలు పెద్దదేం కాదు, నలభై మంది పడితే గొప్ప. ఓపెనింగ్ సాయంత్రం ఓ గంట లైవ్ మ్యూజిక్ అనుకుంటున్నాం, మా కజిన్ వీణ, ఇంకో ఫ్రెండ్ ఫ్లూట్. జనం తిరుగుతూ బొమ్మలు చూస్తుంటే వెనకాల వాయించాలా లేక కూర్చోబెట్టి వినిపించాలా? మైక్ కావాలా? చేసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

తనియావర్తనం:
వెనకాల మోగడానికైతే పెన్‌డ్రైవ్ చాలు కదండీ, మనిషెందుకు? నేను మృదంగం వాయిస్తాను, ఇలాంటివి చేశాను, సమోసా ప్లేట్ల చప్పుడు, "ఎప్పుడొచ్చారు, పిల్లలు బాగున్నారా" మధ్యలో రాగం ఎత్తుకోవడం కంటే నరకం ఇంకోటి లేదు. ముందు కాసేపు బొమ్మలు చూడనిచ్చి తర్వాత జంపఖానా పరిచి కూర్చోబెట్టండి, కుర్చీలు పెద్దవాళ్ళకి మాత్రం. ఖాళీ హాల్లో ఓసారి చప్పట్లు కొట్టి చూడండి, టైల్స్, ఉత్త గోడలు అయితే గింగురుమంటుంది, కంగారు పడకండి, జనం కూర్చున్నాక చాలావరకు తగ్గిపోతుంది. ఫ్లూట్‌కి మైక్ వద్దే వద్దు. వీణ నాదం చిన్నది, గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) చివర తీగ మీద మిగిలే ఆ కాస్త వెనక వరుసకి అందదు, దానికో కాంటాక్ట్ మైక్ (వీణకే అంటించేది), ఒకే స్పీకరు, వాల్యూమ్ తగ్గించి. మృదంగం పెట్టకండి (నా పొట్ట నేనే కొట్టుకుంటున్నా), అంత చిన్న రూములో వీణని మింగేస్తుంది, ఘటం మెత్తగా వాయించేవాళ్ళు దొరికితే చాలు. ఏసీ ముందే వేసి చల్లబరిచి ఆ గంట ఆపేయండి.

జనగామపోరడు:
చేర్యాల బొమ్మలు పెట్టి వీణ ఏందన్నా? తప్పని కాదు గానీ ఆ బొమ్మలు పుట్టిందే పాట కోసం. నకాషీలు, అంటే ఆ బొమ్మలేసేటోళ్లు, గీసే పటం అంటే మూడడుగుల వెడల్పు, నలభై యాభై అడుగుల పొడుగు కూడా ఉంటది, ఖద్దరు గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమట్టి, బంక కలిపి పూసి ఆరినంక ఎర్ర రంగు మీద కథంతా వరుసగ గీస్తరు. గోడకేసుకునేటందుకు కాదది, కథ చెప్పేటోళ్లు ఊరూరు పట్కపోయేటందుకు. పద్మశాలోళ్లకు కూనపులోళ్లు మార్కండేయ పురాణం చెప్తరు, మాదిగోళ్లకు డక్కలోళ్లు జాంబపురాణం, ముదిరాజులకు కాకిపడిగెలోళ్లు. పటం కొంచెం కొంచెం విప్పుకుంట, కట్టెతోని బొమ్మ చూపిచ్చుకుంట, హార్మోనియం తాళాల మీద పాడుతరు. ఒక్క ముక్క కోసి ఫ్రేము కట్టినంక ముందు ఏమైంది తర్వాత ఏమైంది ఎవలకు తెల్వాలె? వాళ్లనే పిలువు.

రంగులపెట్టె:
నిజమే అన్నా, అసలు ఆ ఆలోచనే రాలేదు. కానీ రాత్రంతా సాగే కథ కదా, గంటలో ఎలా?

కిన్నెరమెట్లు:
మొత్తం కథ అడగొద్దు, ఒక్క ఘట్టం చాలు, ఏదో వాళ్ళనే ఎంచుకోమనండి, మీరు స్క్రిప్టు రాసిచ్చారో చెడింది. అది కుదరకపోతే కిన్నెర అనే తీగల వాద్యం చూడండి, 2022లో దాన్ని వాయించే మొగులయ్య గారికి పద్మశ్రీ వచ్చాక పేరు అందరికీ తెలిసింది గానీ దగ్గర కూర్చుని విన్నవాళ్ళు తక్కువ. వెదురు బొంగు, సొరకాయ బుర్రలు, మెట్లు అంటించేది తేనెమైనంతో, సౌండ్ చిన్నదే కాబట్టి మీ హాలుకి సరిగ్గా సరిపోతుంది. డబ్బులు మాత్రం ముందే మాట్లాడండి, బస్సు చార్జీలు, భోజనం వేరే, పారితోషికం వేరే. శాలువా కప్పి ఫొటో దిగి పంపించే అలవాటు మనవాళ్ళకి బాగా ఉంది. కజిన్ అని వీణమ్మాయికి కూడా ఎగ్గొట్టకండి 😀

రంగులపెట్టె:
కజిన్‌కి ఈ థ్రెడ్ పంపించేశా, రేటు పెంచేసింది. కూనపులి వాళ్ళ కోసం కనుక్కుంటాను, వీణ ఇంకో సాయంత్రానికి. ఒక్కటే ప్రాబ్లం, సీలింగ్‌కి హుక్కు కొట్టనివ్వరట, మరి పటం దేనికి వేలాడదీయాలి?

జనగామపోరడు:
రెండు బొంగులు నిలబెట్టి అడ్డంగ ఇంకోటి కట్టు, కింద ఇసుక డబ్బాలు. ఊళ్లల్ల ఏ సీలింగున్నదే?