గాట్స్‌బీది భ్రమా, భ్రాంతా? ‘ఇల్యూజన్’కి తెలుగు

ప్రశ్న: ఫిట్జ్‌జెరాల్డ్ ‘ద గ్రేట్ గాట్స్‌బీ’ (1925) నవలని తెలుగు చేస్తూ అయిదో అధ్యాయం చివర్లో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. దాదాపు అయిదేళ్ల తర్వాత గాట్స్‌బీ ప్రేమించిన డైజీ అతని ఎదురుగా ఉన్న ఆ మధ్యాహ్నం కూడా, ఆమె అతని కలలకి చాలని క్షణాలు ఉండే ఉంటాయట. తప్పు ఆమెది కాదు, అతని ‘ఇల్యూజన్’కున్న బ్రహ్మాండమైన జీవశక్తిదట. భ్రమ, భ్రాంతి, ఎండమావి: ఏది వెయ్యాలి?

జవాబు: ఎండమావి కుదరదండీ. ‘తవిలి మృగతృష్ణలో నీరు ద్రావవచ్చు’ అన్న సుభాషిత పద్యం (మృగతృష్ణ అంటే ఎండమావే) చదివినవాళ్లకి ఆ మాట వినగానే అక్కడ నీళ్లే లేవని తడుతుంది. డైజీ ఉంది, పక్కనే ఉంది. ఊహించుకున్నంత లేదు, అంతే. భ్రాంతి అంటే తాడుని చూసి పామనుకోవడం. దీపం తెస్తే పాము పోవాలి. గాట్స్‌బీకి పోలేదు. ఆరో అధ్యాయంలో, గతం తిరిగి రాదని కథ చెప్పే నిక్ అంటే, ఎందుకు రాదని ఎదురడుగుతాడు. పైగా వాడుకలో ‘పిల్లల మీద భ్రాంతి’ అంటే మమకారం కూడాను.

ఇంకో జవాబు: ‘భ్రమ’ చాలు. అసలు పని క్రియతో ఉంది. ‘భ్రమపడ్డాడు’ అంటే పొరబడ్డ అమాయకుడవుతాడు. ‘భ్రమ పెంచుకున్నాడు’ అంటే దాన్ని తయారు చేసినవాడూ తనే. ‘పడు’కీ ‘కొను’కీ మధ్య ఉన్న ఈ తేడాలోనే గాట్స్‌బీ మొత్తం ఉన్నాడు. నా ముసాయిదా:

‘ఆ మధ్యాహ్నం కూడా డైజీ అతని కలలకి తూగని క్షణాలు ఉండే ఉంటాయి. తప్పు ఆమెది కాదు, అతను పెంచుకున్న భ్రమకున్న అపారమైన జీవశక్తిది.’

ప్రశ్న వేసినవారు: ‘పెంచుకున్న’ మూలంలో లేదు కదా? అనువాదకుడి చేతివాటం అనరా?

రెండో జవాబిచ్చినవారు: ఆ వాక్యంలో లేదు, రెండు వాక్యాల అవతల ఉంది. ఆ భ్రమకి ఎప్పటికప్పుడు ఏదో చేరుస్తూ, గాలికి కొట్టుకొచ్చిన ప్రతి రంగు ఈకనీ తగిలించి ముస్తాబు చేశాడని నిక్కే చెబుతాడు. ఎండమావికి ఈకలు తగిలించలేం. భ్రమకి తగిలించొచ్చు. ఒక జాగ్రత్త: ‘కలలు’ ముందే వచ్చేసింది కాబట్టి ఇల్యూజన్‌కి మళ్లీ ‘కల’ వేస్తే వాక్యం చప్పబడిపోతుంది. ‘పగటికల’ అయితే మరీ అన్యాయం, వెక్కిరింపులా వినిపిస్తుంది.

మరొకరు: అదే అధ్యాయంలో కాస్త ముందు, డైజీ ఇంటి రేవు చివర రాత్రంతా వెలిగే దీపం గురించి గాట్స్‌బీ ఆమెకే చెబుతాడు. చెప్పాక అది మళ్లీ మామూలు రేవుదీపం అయిపోతుంది, అతని మంత్రపు వస్తువుల లెక్కలో ఒకటి తగ్గుతుంది. మీ ఇల్యూజన్ వాక్యానికి పునాది అక్కడే పడింది. మూలంలో ‘గ్రీన్ లైట్’ అన్న ఆ దీపాన్ని ‘పచ్చదీపం’ అని మాత్రం రాయకండి. కొన్నిచోట్ల పచ్చ అంటే పసుపే. ఈ నవలలో ప్రమాదం చేసిన కారుని సాక్షి పసుపుపచ్చదంటాడు, రెండూ కలిసిపోతాయి. ‘పచ్చ’ అనగానే జెండా ఊపి అనుమతి ఇచ్చినట్టూ ఉంటుంది. ‘ఆకుపచ్చ దీపం’ అనే రాయండి, అక్షరాలు రెండు ఎక్కువైనా.