బ్లాక్‌పూల్‌కి ఒక్క రోజు ట్రిప్: రైలా, కారా? (నాలుగేళ్ల బాబు, అమ్మానాన్నలతో)

ప్రశ్న

అందరికీ నమస్తే. ఆగస్టులో ఒక శనివారం మాంచెస్టర్ నుంచి ఇంగ్లండ్ పడమటి తీరంలోని బ్లాక్‌పూల్ వెళ్లి రాత్రికి తిరిగి రావాలి. మేమిద్దరం, నాలుగేళ్ల బాబు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్న. అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేదు. రైలు మేలా, కారా? బాబు ఇసుకలో ఆడుకోవాలంటే ఎన్నింటికి చేరాలి? టవర్, ప్లెజర్ బీచ్ (అమ్యూజ్‌మెంట్ పార్క్) రెండూ ఒకే రోజులో అవుతాయా?

జవాబు 1

టికెట్లు కొనే ముందు ఆ రోజు పోటు ఎన్నింటికో చూడండి. మిగతా ప్లానంతా దాన్ని బట్టే. అక్కడ పెద్ద పోటు రోజుల్లో నీటిమట్టం దాదాపు 8 మీటర్లు మారుతుంది. విశాఖలో ఆ తేడా 2 మీటర్లు కూడా ఉండదు కాబట్టి మనవాళ్లు దీన్ని పట్టించుకోరు. నిండు పోటుకి సముద్రం గట్టు మెట్ల దాకా వచ్చేస్తుంది, బకెట్టూ పారా పట్టుకెళ్లిన పిల్లాడికి ఇసుకే కనపడదు.

అంచనాకి తెలుగు క్యాలెండర్ చాలు. అమావాస్య, పౌర్ణమి వెళ్లిన ఒకటి రెండు రోజులకి పెద్ద పోట్లు. ఆ తీరంలో అలాంటి రోజుల్లో నిండు పోటు ఎప్పుడూ మధ్యాహ్నం 12, 1 ప్రాంతంలోనే పడుతుంది. అష్టమి దాటిన రోజుల్లో నిండు పోటు పొద్దున, సాయంత్రం 6, 7 ప్రాంతంలో, మధ్యాహ్నం ఇసుకంతా ఖాళీ. పిల్లలతో వెళ్లడానికి అవే మంచి రోజులు. కచ్చితమైన టైం మాత్రం టైడ్ టేబుల్‌లోనే చూడండి. పోటు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది.

నీరు ఒకే వేగంతో పెరగదు. పోటు మొదలయ్యాక మూడో గంట, నాలుగో గంట, ఈ రెండింట్లోనే దాదాపు సగం ఎక్కేస్తుంది. నీళ్లు దూరంగా ఉన్నాయి కదా అని ఇసుక దిబ్బల మీదికి నడిచి వెళ్తే, మీకూ గట్టుకీ మధ్య ఉన్న పల్లాలు ముందు నిండుతాయి. ఎదురుగా చూస్తున్నవాళ్లకి వెనక నిండేది తెలియదు. పోటు ఎక్కే వేళ గట్టుకి దగ్గర్లోనే ఉండండి. కింది మెట్లకి నాచు పడుతుంది, అమ్మగారిని అటు దింపొద్దు.

జవాబు 2

రైలే. ఐదేళ్ల లోపు పిల్లలకి టికెట్ లేదు. పెద్దవాళ్లు నలుగురు కాబట్టి గ్రూప్‌సేవ్ అనే రాయితీ కింద ఆఫ్-పీక్ టికెట్ మీద మూడో వంతు తగ్గుతుంది (3 నుంచి 9 మంది కలిసి వెళ్లాలి). బ్లాక్‌పూల్ నార్త్‌కి తీసుకోండి, సౌత్‌కి కాదు. సౌత్ స్టేషన్ ప్లెజర్ బీచ్ వైపు ఉంటుంది, ఆ లైన్లో రైళ్లు తక్కువ. నార్త్ నుంచి సముద్రం దాకా నడక పది నిమిషాలే, అదీ వద్దనుకుంటే 2024 నుంచి స్టేషన్ దగ్గరికే ట్రామ్ వస్తోంది. ట్రామ్ నేల, ప్లాట్‌ఫాం ఒకే ఎత్తు, ప్రామ్ (పిల్లల తోపుడు బండి) ఎత్తక్కర్లేదు.

కారైతే ఎం55 మోటార్‌వే చివర నుంచి యేడన్ వే మీదుగా నేరుగా ఊళ్లోకి రావచ్చు. ఇబ్బంది తిరుగు ప్రయాణంలోనే. ఇల్యూమినేషన్స్ (ఒడ్డు పొడవునా పెట్టే దీపాల అలంకరణ) ఆగస్టు చివర్లో మొదలవుతాయి. అవి వెలిగే శనివారాల్లో ప్రామ్నేడ్ (ఒడ్డు రోడ్డు) మీద కార్లు నత్తనడకే.

టవర్, ప్లెజర్ బీచ్ రెండూ పెట్టుకోకండి. ఒకదానికొకటి సుమారు 3 కిలోమీటర్ల దూరం. పైగా ప్లెజర్ బీచ్‌లోని బిగ్ వన్ రోలర్ కోస్టర్ ఎక్కాలంటే 132 సెంటీమీటర్ల ఎత్తుండాలి, నాలుగేళ్ల బాబుకి కుదరదు. 1894లో తెరిచిన టవర్‌లో లిఫ్ట్ ఉంది, కింద బాల్‌రూంలో పెద్దవాళ్లు కూర్చుని డాన్స్ చూడొచ్చు. గాలి ఎక్కువుంటే పై అంతస్తు మూసేస్తారు.

జవాబు 3

గాలి మాటొచ్చింది కాబట్టి చెప్తున్నా: తీరం పడమర వైపుంది. తూర్పు గాలి వీచే రోజు నీళ్లు ప్రశాంతంగా కనిపిస్తాయి, గాలి నింపుకునే ఆట బోటు మాత్రం నేరుగా సముద్రం లోపలికి కొట్టుకుపోతుంది. అలాంటి బోట్లు తీసుకెళ్లనే వద్దు. ఎవరైనా చిక్కుకుంటే నీళ్లలోకి దూకకండి. 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్ కావాలనండి.

ఆగస్టైనా ఒక్కొక్కరికి గాలి ఆపే జాకెట్ ఉండాలి. చల్లగా ఉందని సన్‌స్క్రీన్ మానొద్దు, మబ్బులోనూ చర్మం కాలుతుంది. తినేటప్పుడు గోడకి వీపు ఆనించి నిలబడితే సీగల్స్ వెనక నుంచి వచ్చి తన్నుకుపోలేవు.

గాడిదల సవారీ బాబుకి నచ్చుతుంది. శుక్రవారం వాటికి సెలవు, మీది శనివారమే కాబట్టి ఫర్వాలేదు.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్స్ అండి. తీరా చూస్తే మేం అనుకున్న శనివారం పౌర్ణమి మర్నాడు. నిండు పోటు పన్నెండున్నరకి చూపిస్తోంది. తేదీ మార్చలేం.

జవాబు 1

అయితే వరస తిప్పండి. పదకొండుకి చేరి ముందు టవర్, తర్వాత భోజనం. మూడున్నర నుంచి ఇసుక బయటపడుతుంది. గట్టు పక్క ఇంకా తడిగా ఉంటుంది, బాబు కట్టే కోటలకి ఆ తడే కావాలి. ఏడు ప్రాంతంలో నీరు పూర్తిగా వెనక్కి పోతుంది, ఆ తర్వాత మళ్లీ పోటు మొదలు. ఏడింటికల్లా సామాన్లు సర్దేసి ట్రామ్ ఎక్కండి. అమ్మగారికి మడత కుర్చీ ఒకటి మర్చిపోవద్దు.