టాయిలెట్ పేపర్ బదులు గుడ్డలు వాడుతున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

కొలంబస్_కోడలు:

నమస్తే అండీ. మేం ఒహాయోలో, కొలంబస్ దగ్గర అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. వాషర్, డ్రయ్యర్ మా ఇంట్లోనే ఉన్నాయి. దిగిన కొత్తలోనే కమోడ్ పక్కన స్ప్రే పెట్టించుకున్నాం కాబట్టి నీళ్లకి ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా కడుక్కున్నాక తడి తుడుచుకోవడం దగ్గరే. పేపర్ పెట్టగానే ముద్దయిపోయి ఒంటికి అంటుకుంటుంది. మా నాలుగేళ్ల పాప ఆ తునకల వల్ల ఒకటే దురద అంటోంది. డాక్టరుకి చూపించాం. ఇన్ఫెక్షన్ ఏమీ లేదు, రుద్దకుండా మెత్తగా అద్ది పొడిగా ఉంచండి చాలు అన్నారు.

మా పక్కింటి అమెరికన్ ఆవిడ అసలు టాయిలెట్ పేపరే కొనదట. ఫ్లానెల్ గుడ్డ ముక్కలు బుట్టలో పేర్చుకుని, వాడినవి ఉతికి మళ్లీ వాడుకుంటారు. ఇక్కడ దీన్ని ఫ్యామిలీ క్లాత్ అంటారని ఆవిడే చెప్పింది. నాకు నచ్చింది. మా ఆయన మాత్రం వినగానే "మన బట్టలు ఉతికే మిషన్‌లోనే అవీ వేస్తావా?" అన్నారు. పైగా వచ్చే నెల నూజివీడు నుంచి అత్తయ్యగారు వస్తున్నారు. పూజా, మడీ ఉన్న మనిషి.

ఏ గుడ్డ మంచిది, వాడినవి ఎక్కడ వేయాలి, ఎలా ఉతకాలి? నిజంగా వాడుతున్నవాళ్లు చెప్తే బాగుంటుంది.

ట్రాయ్_పిన్ని:

అమ్మా, మీ ఆయన అడిగింది సరైన ప్రశ్న. ముందు దానికే జవాబు చెప్తాను.

మేం మిషిగన్‌లో ట్రాయ్‌లో ఉంటాం. ఇక్కడ ఒక నర్సింగ్ హోమ్ లాండ్రీలో చాలా ఏళ్లు పనిచేశాను. ఇక్కడ నర్సింగ్ హోమ్ అంటే పెద్దవాళ్లని ఉంచుకుని చూసుకునే చోటు. మంచం పట్టిన పెద్దవాళ్ల దుప్పట్లు, గౌన్లు, తువ్వాళ్లు మా చేతుల మీదుగానే వెళ్లేవి. ఈరోజు ఒకరి కింద తడిసిన దుప్పటి ఉతికి, రేపు ఇంకొకరికి పరిచేవాళ్లం. మలం అంటిన బట్ట ఉతికితే శుభ్రం కాదు అనుకుంటే ఏ ఆసుపత్రీ ఒక్కరోజు నడవదు. శుభ్రమవుతుంది. కాకపోతే దానికి వేడి, సబ్బు, సమయం, పూర్తిగా ఆరడం నాలుగూ కావాలి. ఏ ఒక్కటి తగ్గినా మిగతావాటిలో సరిపెట్టాలి.

ఇంకో మాట. పేపర్ అనాదిగా ఉన్నదేమీ కాదు. అమెరికాలో దాన్ని ప్యాకెట్లు కట్టి అమ్మడం 1857లో జోసెఫ్ గయెట్టీ అనే న్యూయార్క్ వ్యాపారితో మొదలైంది. అది కూడా మొలలు రాకుండా కాపాడే మందు కాగితం అని చెప్పి అమ్మాడు. మా ఇంట్లో ఎప్పటినుంచో నీళ్లే. 2020 మార్చిలో స్టోర్లలో పేపర్ అరలన్నీ ఖాళీ అయినప్పుడు మాత్రం తుడుచుకోవడానికి కూడా గుడ్డలకి మారిపోయాం. ఆ తర్వాత పేపర్ దొరికినా వెనక్కి వెళ్లాలనిపించలేదు.

ఇప్పుడు అసలు సంగతి. మీ పక్కింటావిడ పద్ధతి మనం యథాతథంగా తీసుకోనక్కర్లేదు. ఆవిడ గుడ్డతోనే శుభ్రం చేసుకుంటుంది కాబట్టి ఆవిడకి ఉతుకుడు పెద్ద పని. మనం నీళ్లతో కడుక్కుంటాం. మన గుడ్డ మీద పడేది తడి మాత్రమే. కడగడం నీళ్ల వంతు, ఆరబెట్టడం గుడ్డ వంతు అని ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పు. ఇది కుదిరితే ఆ గుడ్డ స్నానం చేశాక ఒళ్లు తుడుచుకునే తువ్వాలు లాంటిదే, మీ ఆయన బెంగ సగం తీరిపోతుంది. అందుకే పిల్లలున్న ఇంట్లో తెల్ల గుడ్డలే పెట్టమంటాను. మరక కనబడిందంటే కడుక్కోవడం చాల్లేదు, మళ్లీ నీళ్లు కొట్టుకోవాలి అని పాపకి దానంతట అదే తెలుస్తుంది. ఆడపిల్ల కదా, కడిగినా అద్దినా ముందు నుంచి వెనక్కే అని ఇప్పుడే అలవాటు చెయ్యి. వెనక నుంచి ముందుకి తెస్తే మూత్రంలో ఇన్ఫెక్షన్లు వస్తాయి.

గుడ్డ విషయానికొస్తే, మెత్తబడిన నూలు బట్టని మించింది లేదు. అత్తయ్యగారు వస్తున్నారంటున్నావు కదా, పాత నేత చీరో, మీ మావయ్యగారి పాత పంచెలో సూట్‌కేసులో పెట్టుకు రమ్మను. ఎన్నో ఉతుకులు చూసిన బట్ట నీళ్లని ఇట్టే పీలుస్తుంది. అంతవరకు పసిపిల్లల ఫ్లానెల్ దుప్పట్లు, పాత కాటన్ టీషర్టులు చాలు. పాలియెస్టర్ కలిసినవి వద్దు, తడిని పక్కకి తోస్తాయే తప్ప పీల్చవు. ఎనిమిది అంగుళాల చదరం ముక్కలు చేతికి సరిపోతాయి. టీషర్టు బట్ట అంచులు పోగులు ఊడవు, కుట్టక్కర్లేదు. చీర, పంచె ముక్కలకి మాత్రం అంచు మడిచి కుట్టు, లేకపోతే మిషన్‌లో దారాలన్నీ ఉండలు చుట్టుకుంటాయి. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్, డ్రయ్యర్ షీట్లు ఈ లోడ్‌కి అస్సలు వాడకు. అవి బట్ట మీద మైనంలా పూతపెట్టి పీల్చుకునే గుణాన్ని చంపేస్తాయి. చాలామంది "గుడ్డలు పనికిరాలేదు" అని మానేసేది దీనివల్లే.

వాడినవి మూతున్న పొడి బకెట్‌లో వెయ్యి. లోపల ఒక గుడ్డ సంచి పెడితే సంచితో సహా మిషన్‌లో వేసెయ్యొచ్చు, చేత్తో ముట్టుకునే పని ఉండదు. కొందరు బకెట్‌లో నీళ్లు పోసి నానబెడతారు. నాలుగేళ్ల పిల్ల ఉన్న ఇంట్లో అది వద్దమ్మా. నీళ్ల బకెట్ పసిపిల్లలకి ప్రాణగండం. పైగా నిలవ నీళ్లు రెండో రోజుకే వాసనొస్తాయి. పొడిగా ఉంచి, మూడు రోజులు దాటకుండా ఉతికేస్తే వాసన ఉండదు.

ఉతికేటప్పుడు ముందు చన్నీళ్లతో ఒక రిన్స్, తర్వాత డిటర్జెంట్ వేసి బాగా వేడినీళ్లతో పూర్తి సైకిల్. మా నర్సింగ్ హోమ్‌లో నీళ్లు 160 డిగ్రీల ఫారెన్‌హైట్‌లో కనీసం 25 నిమిషాలు తిరగాలి. అంటే సుమారు 71 సెల్సియస్. ఇంట్లో హీటర్లు మామూలుగా 120కి పెట్టి ఉంటాయి, అది 49 సెల్సియస్ మాత్రమే. అలాగని హీటర్ పెంచకు, పాప చెయ్యి కాల్చుకుంటుంది. మీ వాషర్‌కి శానిటైజ్ సైకిల్ ఉంటే అది లోపలే నీళ్లు కాచుకుంటుంది, అది వాడు. లేకపోతే తెల్ల గుడ్డలే కాబట్టి సీసా మీద రాసిన కొలతలో బ్లీచ్ వెయ్యి. రిన్స్ అయ్యాకే సుమా. మూత్రం ఎక్కువగా ఉన్న గుడ్డల మీద నేరుగా బ్లీచ్ పోస్తే అందులోని అమోనియాతో కలిసి ఊపిరి ఆడనివ్వని వాయువు పుడుతుంది. వాసన పోవాలని వెనిగర్ కూడా వేసేవాళ్లున్నారు, బ్లీచ్‌తో వెనిగర్ కలిస్తే క్లోరిన్ వాయువు. ఈ రెండూ ప్రాణాల మీదికి తెచ్చేవే. చివర డ్రయ్యర్‌ని హై హీట్‌లో పెట్టి చెమ్మ లేకుండా పూర్తిగా ఆరనివ్వు. మిషన్ కుక్కి నింపొద్దు, వేసేముందు గుడ్డలు దులపొద్దు, వేశాక చేతులు సబ్బుతో కడుక్కో. లాండ్రీలో మాకు మొదటిరోజు నేర్పింది ఈ మూడే.

ఇంట్లో ఎవరికైనా విరేచనాలు, వాంతులు పట్టుకుంటే ఆ నాలుగు రోజులూ పేపర్‌కి మారిపోండి. నోరోవైరస్ లాంటివి చాలా మొండివి. యాంటీబయాటిక్స్ తర్వాత వచ్చే సి. డిఫ్ అనే విరేచనాల సంగతైతే చెప్పక్కర్లేదు, దాని బీజాలు మామూలు ఉతుకుకి చావవు. అందుకే ఒక పేపర్ రోల్ ఎప్పుడూ ఉంచుకోవాలి. చుట్టాలకీ అదే. వాళ్లు గుడ్డని కమోడ్‌లో వేసి ఫ్లష్ చేశారంటే పైపు మూసుకుపోతుంది.

జెర్సీ_సిటీ_కుర్రాడు:

పిన్నిగారూ, మాకు వాషర్ ఇంట్లో లేదు. బేస్‌మెంట్‌లో బిల్డింగ్ మొత్తానికీ నాలుగు కాయిన్ మిషన్లు. అందులో ఇవి వేయడం తప్పా? ఇంకోటి, స్ప్రే పెట్టుకుందామంటే లీకయ్యి కింది ఫ్లాట్ తడుస్తుందని రూమ్మేట్ భయపడుతున్నాడు.

ట్రాయ్_పిన్ని:

మీ రూమ్మేట్ భయం నిజమే బాబూ. స్ప్రే వాడాక చాలామంది చేతిలో మీట వదిలేసి ఊరుకుంటారు, గోడ దగ్గర స్ప్రే గొట్టానికి నీళ్లు వదిలే టీ-వాల్వ్ కట్టరు. అప్పుడు గొట్టంలో రాత్రీపగలూ ప్రెషర్ నిలిచే ఉంటుంది. ఎప్పుడో ఒకరోజు పగిలితే నిజంగానే కింది ఇంటి సీలింగ్ తడుస్తుంది. వాడిన ప్రతిసారీ టీ-వాల్వ్ కట్టెయ్యండి. ప్లాస్టిక్‌ది కాకుండా ఇత్తడి వాల్వ్, పైన స్టీలు అల్లిక ఉన్న గొట్టం కొనండి. ఇల్లు గలవాళ్లకి ఒక మాట చెప్పి పెట్టుకోండి. అంతవరకు మగ్గు ఉండనే ఉంది.

పంచుకునే మిషన్ల గురించి నా అభిప్రాయం ఇది. కడుక్కున్నాక తడి అద్దిన గుడ్డలైతే మీ లోదుస్తుల కన్నా భిన్నమేమీ కాదు, వాటితో కలిపి వేడినీళ్లలో వేసుకోవచ్చు. నీళ్లు లేకుండా గుడ్డతోనే తుడిచే పద్ధతైతే మాత్రం కాయిన్ మిషన్‌లో వేయకండి. తర్వాత అందులో ఏ పసిబిడ్డ బట్టలు వేస్తారో మనకి తెలియదు.

గోదారి_గట్టు:

నేను రాజమండ్రి నుంచి రాస్తున్నాను. మా నాన్నగారు పక్షవాతంతో మంచంలో ఉన్నారు. పేపర్ మాట మా ఇంట్లో ఎప్పుడూ లేదు. గోరువెచ్చని నీళ్లతో కడిగి ఆయన పాత పంచె ముక్కలతోనే అద్దుతాం. అంతకుముందు కొన్నాళ్లు దుకాణంలో కొన్న తడి వైప్స్ వాడితే చర్మం ఎర్రబడింది. ఇక్కడ డ్రయ్యర్లు ఎక్కడివండీ, ఎండే మా డ్రయ్యర్. ఉడుకునీళ్లలో సబ్బుతో ఉతికి డాబా మీద ఆరేస్తే సాయంత్రానికి పెళపెళలాడతాయి. ముసురు పట్టినప్పుడే కష్టం. అప్పుడు ఫ్యాన్ కింద ఆరేసి, చివర్లో ఇస్త్రీ చేసి తడి చెమ్మ పోగొడతాం.

ట్రాయ్_పిన్ని:

మీరు చేస్తున్నది చాలా మంచి పనండీ. మంచంలో ఉన్నవాళ్లకి తడి నిలిస్తే చర్మం నాని పుళ్లు పడతాయి. పిర్రల మధ్య, తొడల మడతల్లో రుద్దకుండా అద్దాలి, అద్దాక ఒక్క నిమిషం గాలి తగలనివ్వాలి. నర్సింగ్ హోమ్‌లో మంచి నర్సులంతా అలాగే చేసేవారు. ఇస్త్రీ ఉపాయం బాగుంది. చెమ్మగా మడతపెడితే బూజు వాసన వస్తుంది, ఆ వాసన వచ్చిన గుడ్డ మళ్లీ ఉతకందే నాన్నగారికి వాడకండి.

కొలంబస్_కోడలు:

పిన్నీ, ఇంత వివరంగా రాసినందుకు చాలా థాంక్స్. మీరు రాసింది మా ఆయనకి మొత్తం చదివి వినిపించాను. నర్సింగ్ హోమ్ దుప్పట్ల దగ్గర ఆగి "సరే, విడిగా లోడ్ వేసేటట్టయితే నాకు అభ్యంతరం లేదు" అన్నారు. మా వాషర్‌లో శానిటైజ్ సైకిల్ ఉంది, ఇన్నాళ్లూ దాని జోలికే పోలేదు.

ఇక అత్తయ్యగారి సంగతి ఒక్కటే మిగిలింది. మడి బట్టలు ఉతికే మిషన్‌లో ఇవి వేస్తామంటే ఆవిడ బాధపడతారు. దాచిపెట్టి వేయడం నాకు ఇష్టం లేదు.

ట్రాయ్_పిన్ని:

దాచకు. మా అత్తగారు బతికుండగా మా ఇంటికి వచ్చినప్పుడు నేనూ ముందే చెప్పేశాను. ఆవిడ మడి చీర చేత్తో తడిపి బాత్‌రూమ్‌లో కర్ర మీద ఆరేసుకునేవారు, మిషన్ ముట్టుకోనిచ్చేవారు కాదు. మీ అత్తయ్యగారు కూడా అలాగే అనొచ్చు. అందుకు ఒక చిన్న బకెట్, దండెం ముందే సిద్ధంగా పెట్టు. మిగతా బట్టలు మిషన్‌లో వేయడానికి ఒప్పుకుంటే, ఈ గుడ్డల లోడ్ వేసిన వెంటనే బట్టలేమీ లేకుండా వేడినీళ్లతో, కాస్త బ్లీచ్‌తో ఒకసారి తిప్పు. ఆవిడ చూస్తుండగా తిప్పు, ఆవిడకి నమ్మకం కుదురుతుంది.

ఆవిడకి గుడ్డలు ఇవ్వాలా వద్దా అని నువ్వు నిర్ణయించకు. ఆ తరం వాళ్లు చెంబు నీళ్లతోనే కడుక్కుని, తడి దానంతట అదే ఆరిపోతుందిలే అనుకుంటారు. నూజివీడు ఎండకి ఆరుతుంది. ఒహాయో చలిలో, మందపాటి బట్టల కింద ఆరదు. ఆ తడికే గజ్జల్లో తామర వస్తుంది, షుగర్ ఉంటే మరీ త్వరగా వస్తుంది. ఈ మాట చెప్పి, ఆవిడకి విడిగా ఒక రంగు అంచు ఉన్న గుడ్డలు కుట్టి, విడిగా ఒక డబ్బాలో పెట్టు. చలికాలంలో స్ప్రే నీళ్లు మంచులా కొడతాయి, పెద్దవాళ్లు ఉలిక్కిపడతారు. బాత్‌రూమ్‌లో ఆవిడకి ఒక మగ్గు, సింకు నుంచి పట్టుకున్న గోరువెచ్చని నీళ్లు అలవాటు చెయ్యి. కమోడ్ పక్కన పట్టుకోవడానికి గోడకి గట్టి కడ్డీ ఉందో లేదో చూడు. తడి నేల మీద కాలు జారితే గుడ్డల గొడవ కన్నా పెద్ద గొడవ అవుతుంది. మగ్గు వాడేచోట జారని మ్యాట్ వేసి, దాన్ని కూడా ఈ లోడ్‌తోపాటే ఉతుకు. వెనక రబ్బరు ఉన్న మ్యాట్ అయితే మాత్రం హై హీట్ డ్రయ్యర్‌లో వేయకు, గాలికి ఆరేసెయ్యి.