బోరు కాడ బురదలో ఈ అడుగు ఏ జంతువుదో చెప్పండన్నా, మనిషి పాదం మాదిరే ఉండాది

కళ్యాణదుర్గం_రైతు:
అందరికీ నమస్తే. మాది కళ్యాణదుర్గం పక్కన పల్లె, గుట్టకు ఆనుకోని నాలుగెకరాలు శెనిక్కాయ వేసినాం, ఇంకో పదిహేను రోజుల్లో పీకాల. మొన్న రాత్రి వాన పడింది, పొద్దున మోటార్ కాడికి పోతే పైపు లీకయ్యే చోట బురదలో ఈ అడుగులు కనిపించినాయి. ఎవురో పిల్లోడు చెప్పుల్లేకుండా నడిచినాడు అనుకున్యా, వంగి చూస్తే వేళ్ళ ముందర గోళ్ళు దిగిన గుంతలు ఉండాయి. ఐదు వేళ్ళూ ఒకే వరుస, మన మాదిరి బొటనవేలు పెద్దగా లేదు. పొడుగు నా జానకు మూడు వేళ్ళు తక్కువ. దాని ముందర ఇంకోటి ఉండాది, అది పొట్టిగా వెడల్పుగా ఉంది, మడమే పడలేదు. ఊర్లో చిరుత అంటాండారు, కూలోళ్ళు రామంటాండారు. మా అమ్మ తెల్లారి ఐదింటికి ఆ దోవలోనే ఆవును తోలకపోతాది, నా భయమంతా ఆమె గురించే. పక్కన అగ్గిపెట్టె పెట్టి ఫోటో తీసినా, చూసి చెప్పండి.

అనంత_టౌన్:
చిరుతే తమ్ముడూ. ఆ గుట్టల్లో ఉండాయి కదా. అమ్మను పంపద్దు.

బుడ్డల_సేను:
మాది ఆదోని సైడు. మా బుడ్డల సేన్లో ఇట్లనే ఏదుపంది తిరిగింది, అది కూడా పాదం మొత్తం ఆనిచ్చి నడుస్తాది, గోళ్ళు కూడా పడతాయి. చెట్ల కింద తవ్వి కాయ తిన్న గుర్తులు ఉన్నాయా చూడు, ముళ్ళు రాలి ఉంటే అదే.

నల్లమల_నడక:
ఆత్మకూరు సైడు అడవిలో జంతువుల లెక్కకు వాలంటీరుగా పోతుంటా, అందుకే కొంచెం పొడుగు రాస్తున్నా. చిరుత కాదు. చిరుత అడుగులో నాలుగు వేళ్ళే పడతాయి, అది గోళ్ళు లోపలికి ముడుచుకోని నడుస్తాది కాబట్టి మామూలుగా గోరు గుర్తు ఉండదు, అడుగు దాదాపు గుండ్రంగా ఉంటాది. కుక్క, తోడేలు, దుమ్ములగొండి, వీటికి గోళ్ళు పడతాయి గానీ వేళ్ళు మళ్ళీ నాలుగే. ఐదు వేళ్ళు, అంత పొడుగు పాదం అంటే ఏదుపంది కూడా కాదు, దాని అడుగు ఇందులో సగం కూడా ఉండదు. ఇది ఎలుగొడ్డు. మనిషి పాదం మాదిరి ఉండేది వెనక కాలు, పొట్టిది ముందర కాలు. ఆ పొట్టిదాని ఫోటో పెద్దది చేసి చూడండి, గోరు గుంతలు వేళ్ళకు చాలా దూరంగా పడి ఉంటాయి, పుట్టలు తవ్వే గోళ్ళు అవి. బళ్ళారి పక్కన దరోజిలో 1994లో ఎలుగుల కోసమే శాంక్చురీ పెట్టినారు, మీ వైపు ఉండేవి కూడా అట్లాంటి రాతి గుట్టలే.
అమ్మ విషయం ముఖ్యం. ఎలుగు మనిషిని వేటాడి తినే జంతువు కాదు, కానీ పుట్టలో మూతి పెట్టి చెదలు పీల్చేటప్పుడు మనం వచ్చేది దానికి తెలీదు, దగ్గరికొచ్చినాక ఉలిక్కిపడి మీద పడుతుంది, పిల్లలుంటే ఇంకా ఎక్కువ. ఐదింటికి వద్దు, బాగా తెల్లారినాక పొమ్మనండి, చేతిలో టార్చి ఉండాల, గట్టిగా మాట్లాడుకుంటా పోవాల.

కళ్యాణదుర్గం_రైతు:
అన్నా మీరు చెప్పినట్టే చూసినా, ముందర కాలి గోళ్ళు వేళ్ళకు రెండు వేళ్ళెడు దూరంలో పడినాయి. గెనెం మీద పుట్ట కూడా తవ్వి ఉండాది, నేను పందులు తవ్వినాయి అనుకున్యా. ఒకటే వచ్చిందా, పిల్లలు కూడా ఉండాయా ఎట్ల తెలుస్తాది?

లంకమల_పక్షులు:
కడప నుంచి. పిల్లల అడుగులు లేనంత మాత్రాన పిల్లలు లేవనుకోవద్దు అన్నా, తల్లి ఎలుగు వాటిని వీపు మీద ఎక్కించుకోని తిరుగుతాది. మా లంకమల అడవిలో ఇంకో పద్ధతి ఉంది. కలివికోడి 1986లో రెడ్డిపల్లి దగ్గర మళ్ళీ దొరికింది కదా, రాత్రి పూట తిరిగే పిట్ట, కంటికి కనపడదు, అందుకని పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి తెల్లారి దాని అడుగులు వెతికేవాళ్ళు. మీరూ గుట్ట దిగే దోవలో రెండడుగుల వెడల్పున మట్టి జల్లెడ పట్టి పరవండి, నీళ్ళు చిలకరించి పలకతో సాపు చేయండి. వాన బురదలో కాలు జారి అడుగు పెద్దదైపోతాది, ఇందులో ఉన్నది ఉన్నట్టు పడతాది. చూసేటప్పుడు ఏటవాలు ఎండలో చూడండి, నడిమధ్యాన్నం ఏమీ కనపడదు.

నల్లమల_నడక:
మంచి మాట. ఇంకోటి, ఎవురన్నా కరెంటు తీగ కట్టమంటే దయచేసి వినద్దు. 1972 వన్యప్రాణుల రక్షణ చట్టంలో ఎలుగు మొదటి షెడ్యూల్లో ఉంది, అంటే గట్టి రక్షణ ఉన్న జంతువు, అది పక్కన పెట్టినా రాత్రి నీళ్ళకు పోయే మన మనిషే ఆ తీగకు తగిలి పోతాడు. ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో ఫోటోలు ఇచ్చి రండి.

కళ్యాణదుర్గం_రైతు:
మూడు రోజులైంది, చెప్పిపోదామని వచ్చినా. పట్టీ పరిచినాం. మొదటి రాత్రి కుందేలు, నక్క. రెండో రాత్రి పడింది అన్నా, వేళ్ళ కింద ముడతలతో సహా అచ్చు పడింది. పెద్దది ఒకటే, గుట్ట నుంచి దిగి గెనెం మీదుగా సీతాఫలం చెట్ల కాడికి పోయింది, కింద గింజలతో నిండిన పెంట ఉండాది. శెనిక్కాయ ఒక్క చెట్టు ముట్టలేదు. కూలోళ్ళను పిలిచి అడుగు చూపిచ్చి వేళ్ళు లెక్కబెట్టిచ్చినా, సోమవారం నుంచి ఎనిమిదింటికి అందరూ కలిసే చేన్లోకి వస్తామన్యారు. అమ్మ ఆవును ఊరి పక్క బీట్లో మేపుతాంది. ఆ సీతాఫలాలు ఈ ఏడు మేం కోయము, దానికే వదిలేసినాం.